అమ్మ పచ్చ మాత్రలు

మా అమ్మ తాయమ్మ పద్నాలుగేళ్ళుగా మాదేశ్వరన్ మేస్త్రి దగ్గర కట్టడం పనికి పోతోంది. స్లాబు పోసే రోజు ఆడవాళ్ళంతా కింది నుంచి పై వరకు మెట్ల మీద వరసగా నిలబడతారు. కాంక్రీటు నింపిన ఇనప తట్ట చేతి నుంచి చేతికి పైకి పోతుంది. ఖాళీ తట్ట అదే దారిలో కిందికి వస్తుంది. మిగిలిన రోజుల్లో ఇటుకలు, ఇసుక తలమీద పెట్టుకుని ఎక్కాలి. వరసలో ఒక మనిషి ఆగితే కింద ఉన్నవాళ్ళంతా బరువు పట్టుకుని అట్లే నిలబడాలి.

ఈ ఏడు బడి తెరిచిన నెలలో ఆ వరస అమ్మ దగ్గర ఆగడం మొదలైంది. రెండు మోకాళ్ళూ పట్టేస్తున్నాయి, ఆయాసం వస్తోంది. మేస్త్రి అందరి ముందూ అన్నాడట, "తాయమ్మా, తట్ట నీ చెయ్యి దాటేలోపల కాంక్రీటు యాడిదాడ గట్టిపడిపోతా ఉంది" అని. అందరూ నవ్వారట, అమ్మ కూడా నవ్వింది. ఇంటికొచ్చి నాకు ఆ మాట నవ్వుతూనే చెప్పింది. అన్నం తినేటప్పుడు మళ్ళీ చెప్పింది, అప్పుడు నవ్వలేదు.

నవ్విన తరవాత మేస్త్రి పక్కకు పిలిచి చెప్పిన మాట వేరే ఉంది. ఆగస్టు సగంలో ఆడి నెల పోగానే పెన్నాగరం రోడ్డులో కల్యాణ మండపం పని మొదలవుతుంది. మూడు అంతస్తులు, ఏడాది పొడుగునా రోజూ పని. ఒళ్ళు తగ్గించుకుని మెట్లెక్కగలిగితే వరసలో ఉండొచ్చు. లేకపోతే కింద ఇసుక జల్లించాలి. జల్లించే పని వారానికి రెండు మూడు రోజులే ఉంటుంది.

"నువ్వు పన్నెండు ముగించేవరకైనా నేను ఎక్కాల ఇళవరసీ," అంది అమ్మ. నేను పదకొండు చదువుతున్నాను. నాయన ముత్తు హోసూరులో సెంట్రింగు పనిలో ఉన్నాడు, రెండు వారాలకొకసారి వస్తాడు. ఆయన పని ఒక నెల ఉంటే ఒక నెల ఉండదు.

ఆ వారమే ఊళ్ళోకి నర్సు వచ్చింది. అంగన్‌వాడీలో బరువు చూసింది. అమ్మ ఎనభై నాలుగు కిలోలుంది. నర్సు చెప్పింది నేను రాసుకున్నాను. రాత్రి అన్నం సగం చెయ్యాలి, పెందలాడే తినాలి, టీలో చక్కెర మానాలి, బోండా బజ్జీ వద్దు, రోజూ అరగంట నడవాలి.

దారిలో అమ్మ అంది, "నడవమంటుంది. నేను పగలంతా ఏం చేస్తా ఉండానంట? పల్లకీలో కూర్చోనుండానా?"

పది ఇటుకలతో మెట్లెక్కే మనిషికి ఒళ్ళెందుకొస్తుందో నాకూ అర్థం కాలేదు.

"ఆమె చెప్పినట్టు చేస్తే ఎన్నాళ్ళకు తగ్గుతుందంట?"

"నెలకు ఒక కిలో, రెండు కిలోలు అన్నింది."

"ఆడి నెల అయిపోయేదానికి ఇంక రెండు నెల్లే. అప్పటికి నాలుగు కిలోలు. మేస్త్రికి అది కండ్లకు కనిపిస్తుందా?"

బస్సు స్టాపు దగ్గర కమలవేణమ్మకు ఫ్యాన్సీ అంగడి ఉంది. గాజులు, పిన్నులు, పౌడర్లు అమ్ముతుంది. ఆమెది తరతరాల వ్యాపారం చేసే కుటుంబం. ఈ తమిళ నాట మాలాగే ఇంట్లో తెలుగే మాట్లాడతారు, అందుకని అమ్మతో చనువుగా ఉంటుంది. మేం బయటే నిలబడితే రమ్మని పిలిచి జాకెట్టు చెయ్యి లాగి చూపించింది. రెండు వేళ్ళు దూరేంత వదులుగా ఉంది.

"పోయిన దీపావళికి ఇది నాకు ఎక్కలేదు తాయీ. ఇప్పుడు చూడు. నోరు కట్టుకోలేదు, నడవలేదు. ఇది వేసుకున్నాను, అంతే."

తెల్ల ప్లాస్టిక్ డబ్బా. పైన ఆకు బొమ్మ. లోపల పచ్చ మాత్రలు. బెంగళూరులో ఉండే బంధువులావిడ పంపిస్తుందట. "అంతా మూలికలే" అంది కమలవేణమ్మ. ఆమె అబద్ధం చెప్పలేదు, ఆమెకు కూడా ఎవరో అట్లే చెప్పారు.

అమ్మకు చదవడం రాదు. డబ్బా నా చేతికిచ్చింది. రోజుకు రెండు మాత్రలు, మూడు లీటర్ల నీళ్ళు తాగాలి అని ఇంగ్లీషులో ఉంది. ఎవరు చేశారో, ఏ ఊళ్ళో చేశారో ఎక్కడా లేదు. డబ్బా తిప్పి తిప్పి చూశాను. చెప్పాలనుకున్నాను. కమలవేణమ్మ నా మొహంలోకే చూస్తోంది. "ఏం పాపా, ఏముంది దాంట్లో?" అని అడిగింది. "నీళ్ళు తాగమని ఉంది" అని మాత్రం అన్నాను.

డబ్బా కొనుక్కుని ఇంటికొచ్చాక అమ్మ నా చెయ్యి తీసి తన తలమీద పెట్టుకుంది. "మీ నాయనకు చెప్పొద్దు. ఎవరికీ చెప్పొద్దు. ఒట్టు పెట్టు." పెట్టాను.

మాత్రలు పని చేశాయి. ఆ మాట దాచకూడదు. మొదటి వారంలోనే అమ్మకు ఆకలి పోయింది. కంచంలో వేసుకున్నది అటూ ఇటూ కదిపి లేచేది. రెండున్నర వారాల్లో నాలుగున్నర కిలోలు తగ్గింది. మేస్త్రి "ఏం తాయమ్మా, సినిమాలో చేరబోతా ఉండావా" అన్నాడట. ఆ రోజు అమ్మ పూలు కొనుక్కుని వచ్చింది. నాకు కూడా సంతోషమే. నర్సు చెప్పింది రాసుకున్న కాగితాన్ని అప్పటికి మేమిద్దరం మరిచిపోయాం.

కానీ అమ్మ మారింది. పెదవులు పగిలాయి. నిద్ర పట్టేది కాదు. గిన్నె కింద పెట్టిన చప్పుడుకు కూడా నా మీద అరిచేది. ఒకసారి నా చెయ్యి తీసి గుండెమీద పెట్టుకుంది. లోపల ఎవరో తరుముతున్నట్టు కొట్టుకుంటోంది.

ఇంకొకటి కూడా చూశాను. పనికి తీసుకుపోయే నీళ్ళ సీసా సాయంత్రం నేనే కడుగుతాను. ఆ సీసా రోజూ నిండుగా తిరిగి వస్తోంది. నాలుగు రోజులు చూసి ఐదోరోజు అడిగాను.

"తాగలేదామా?"

"ఆ మాత్ర వేసుకుంటే ఊరికే ఒంటికి వస్తుంది. ఆ కట్టడంలో యాడికి పోయేది? పైనంతా మగోళ్ళే. కంపచెట్ల చాటుకు పోవాలంటే వరసలో నా వెనకుండే గోవిందమ్మాళ్‌ను తోడు పిలవాల. రెండుసార్లు పోతే మేస్త్రి చూస్తాడు, మూడోసారి పోతే ఏమన్నా అంటాడు. తాగకుంటే పోయే పనే లేదు."

"మూడు లీటర్లు తాగాలని డబ్బా మీద ఉందికదమా."

"డబ్బా మీద రాసినోడు కట్టడం పనికి పోయినాడా?"

నేను ఊరుకున్నాను. నేను ఎప్పుడూ అంతే. బడిలో హాజరు పిలిస్తే నా గొంతు టీచరుకు వినపడదు. రెండుసార్లు ఆబ్సెంటు కూడా పడింది. ఇంట్లో మాట్లాడగలిగేది అమ్మతో ఒక్కదానితోనే. ఆమె దగ్గర కూడా ఒక మాటకు మించి ఎదురు చెప్పడం నాకు చేతకాదు. ఆ రాత్రి డైరీలో మాత్రం రాశాను, అమ్మ నీళ్ళు తాగడం లేదు అని. రాసినందువల్ల ఏం లాభం, అది చదివేది నేనే.

జూలై మూడో వారం, గురువారం. రెండో పీరియడులో ప్రధానోపాధ్యాయురాలు పిలిపించింది. గోవిందమ్మాళ్ ఫోన్ చేసిందట. స్లాబు వరసలో నిలబడిన అమ్మ చేతిలో తట్టతోనే కూలిపోయింది. తట్ట కింది మెట్టు మీద పడింది. వెనకున్న గోవిందమ్మాళ్ నడుము పట్టుకోబట్టి అమ్మ మెట్లమీద దొర్లలేదు.

నేను బస్సెక్కి ధర్మపురి ఆసుపత్రికి పోయేసరికి అమ్మను పడుకోబెట్టి సెలైను పెట్టారు. చీర కొంగుకు కాంక్రీటు అంటుకుని అట్లే ఎండిపోయి ఉంది. గోవిందమ్మాళ్ మంచం కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుని ఉంది.

లేడీ డాక్టరు వచ్చింది, నాడి చూసింది. "మాత్రలేమైనా వేసుకుంటావా అమ్మా? బీపీకి, షుగరుకు, ఇంకా దేనికైనా?" అని అరవంలో అడిగింది.

"ఏమీ లేదు డాక్టరమ్మా. ఎండ," అంది అమ్మ. చెప్తూ నావైపు చూసింది.

డాక్టరు చీటీలో ఏదో రాసింది. సీసాలు ఎక్కించి సాయంత్రం పంపించెయ్యొచ్చని నర్సుతో చెప్పి పక్క మంచానికి పోయింది. అక్కడినుంచి ఇంకో మంచానికి పోయింది. నేను ఆమె వెనక నడిచాను. ఆమె ఆగితే నేను ఆగాను. రెండుసార్లు తిరిగి చూసింది. ఎవరి తాలూకో అనుకుని పక్కకు జరగమంది. జరిగాను. వార్డు చివర తలుపు దాటబోతుంటే నా గొంతులోంచి మాట వచ్చింది.

"మా అమ్మ వేసుకుంటుంది. పచ్చ మాత్రలు. ఒళ్ళు తగ్గేదానికి. నీళ్ళు కూడా తాగదు."

ఆమె ఆగింది. ఎన్ని రోజులుగా, రోజుకు ఎన్ని, డబ్బా మీద ఏం రాసుంది అని అడిగింది. అన్నీ చెప్పాను. నాకు అన్నీ బాగా గుర్తున్నాయి. ఆమె నన్ను వెంటబెట్టుకుని అమ్మ దగ్గరికి వెనక్కి వచ్చింది.

అమ్మ కళ్ళు మూసుకుంది. డాక్టరు మాట్లాడినంతసేపూ తెరవలేదు.

"ఎవరు చేశారో లేదు. ఏం కలిపారో లేదు. గుండె అట్లా పరిగెడుతుంటే దీన్ని మూలిక అని నేనెట్లా నమ్మేది? నువ్వు తగ్గిన దాంట్లో సగానికి పైన నీళ్ళేనమ్మా. ఈ సీసాలు ఎక్కినాక చూసుకో, బరువు మళ్ళా వస్తుంది. ఒళ్ళు తగ్గే మందులు లేకపోలేదు. పరీక్షలు చేసి, నీకు సరిపోతాయా లేదా చూసి డాక్టరు ఇవ్వాల. అవి వేసుకున్నా తిండి మారకపోతే, ఆపిన రోజు నుంచి మళ్ళా ఎక్కుతావు."

"ఆడి నెల అయిపోయేలోపల తగ్గాల," అంది అమ్మ, కళ్ళు తెరవకుండానే.

"ఎందుకు?"

గోవిందమ్మాళ్ చెప్పింది. డాక్టరు పెన్ను తీసింది. "మీ మేస్త్రికి నేనేమన్నా చీటీ రాసిస్తే వింటాడా?" అంది.

"ఆయనకు చదువు రాదు, చీటీ చదివేదానికి కూడా ఈ పాపనే పిలవాల," అంది గోవిందమ్మాళ్.

డాక్టరు ఒక రాత్రి ఉంచుకుని, గుండె పరీక్ష చేసి, మర్నాడు పంపించింది.

రెండు రోజులు అమ్మ నాతో మాట్లాడలేదు. మూడోరోజు గోడ వైపు తిరిగి పడుకునే అంది, "ఇంక రెండు వారాలు ఓర్చుకోనుంటే దిగిపోయేది. నీకెవరు చెప్పమన్నారు?"

"నువ్వు మెట్లమీద పడుంటే?"

"పడలేదు కదా."

అంతటితో ఆ మాట ఆగిపోయింది. డబ్బాలో మిగిలిన మాత్రలు మరుగుదొడ్డిలో పోశాను. అమ్మ చూస్తూనే ఉంది.

పది రోజులు పనికి పోవద్దన్నారు. నాయన ఒక రోజు వచ్చి ఉండి, పని పోతుందని మళ్ళీ హోసూరు పోయాడు. వంట నేను చేశాను. మొదటి రోజు బియ్యం కొలుస్తుంటే అమ్మ మంచం మీద నుంచే చెప్పింది, "అరపడి పొయ్యి. పైన ఒక గుప్పెడు."

"మనం ఇద్దరమే కదమా."

"ఎప్పుడూ పోసేది అంతే."

అవును, ఎప్పుడూ అంతే. మా అవ్వ ఉన్నప్పుడు ఐదుగురం. అవ్వ, నాయన, అమ్మ, సరణ్యక్క, నేను. అరపడి, అంటే ముప్పావు కిలో దాకా, ఐదుగురికి, గుప్పెడు ఎవరన్నా వస్తే. మూడేళ్ళ కింద అవ్వ పోయింది. రెండేళ్ళ కింద అక్క పెళ్ళై మారండహళ్ళికి పోయింది. నాయన హోసూరు పోయి ఏడాది దాటింది. మా ఇళ్ళల్లో మనిషి పోయినా, ఆడపిల్ల అత్తగారింటికి పోయినా పొయ్యి మీద కొలత తగ్గించరు. తగ్గిస్తే ఇల్లు తగ్గుతుందని అవ్వే చెప్పేది. ఎన్నాళ్ళు తగ్గించకూడదో ఆమె చెప్పలేదు, మేం అడగలేదు.

ఆ రోజు వండిన అన్నంలో నేను తిన్నది పోగా గిన్నెలో సగానికి పైన ఉంది. ఆవును అమ్మేశాం, పెట్టేదానికి ఏమీ లేదు. మాత్రలకు ముందు అమ్మ రాత్రి కడుపునిండా తిని, మిగిలింది నీళ్ళు పోసి, తెల్లారి అది కూడా తిని పనికి పోయేది. అన్నం పారెయ్యడం ఆమె ఎరగదు.

డైరీ తీసి చూసుకున్నాను. అక్క పెళ్ళికి కుట్టించుకున్న జాకెట్టు అమ్మకు మూడు నెలలకే బిగుసుకుందని అందులో ఉంది. అప్పుడు నవ్వుకుంటూ రాశాను.

"అమా, అవ్వ వంతు, అక్క వంతు, నాయన వంతు అన్నీ నువ్వే తింటా ఉండావు," అన్నాను.

అమ్మ లేచి కూర్చుంది. కోపమొచ్చిందేమో అనుకున్నాను. మంచం దిగి వచ్చి గిన్నె మూత తీసి చూసింది.

"అరగిన్నె వండితే మూత తియ్యంగానే ఎట్లుంటుందో నీకు తెలీదు," అంది. "ఇంట్లో మనుషులే లేనట్టుంటుంది."

మర్నాడు నేను చిన్న గిన్నె పెట్టాను. అందులో అయితే అన్నం నిండుగా కనిపిస్తుంది. కొలత అరపడి నుంచి అందులో సగం, కాలుపడికి వచ్చింది. గుప్పెడు మాత్రం అమ్మ పోయించింది. దానికి నేను ఒప్పుకున్నాను.

ఆ తరవాత జరిగిందాన్ని కథలా చెప్పడానికి ఏమీ లేదు. రోజూ అదే. అన్నం పక్కన అవరె చిక్కుడుకాయో, కీరో, ఏదో ఒకటి ఎక్కువ. సాయంత్రం దీపం పెట్టగానే తినడం. అప్పుడు అమ్మకు ఆకలి ఉండదు, పడుకునేటప్పుడు ఆకలేస్తుంది. ఆకలేస్తోందని చెప్పి అటు తిరిగి పడుకునేది. చక్కెర లేని టీ తాగి మొహం చిట్లించేది. పనికి పోవడం మొదలయ్యాక నాలుగు గంటల బోండాతో తంటా వచ్చింది. కట్టించే ఇంటి యజమాని ఇచ్చే బోండా వద్దంటే మర్యాద కాదు. అమ్మ కాగితంలో చుట్టి నాకు తెచ్చేది.

"ఇట్లయితే ఇంక నేను లావైపోతాను."

"నువ్వు మెట్లెక్కే పనికి పోవుగా."

వారం తరవాత అవి గోవిందమ్మాళ్ మనవడికి పోయాయి.

నీళ్ళ సంగతి మాత్రం గోవిందమ్మాళ్ చూసుకుంది. ఐదుగురు ఆడవాళ్ళూ పదింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి కలిసే పోవాలని అందరికీ చెప్పింది. ఒక్కరు పోతే మేస్త్రి చూస్తాడు, ఐదుగురూ పోతే ఎటు చూడాలో తెలీక బీడీ ముట్టించుకుంటాడు అంది. సీసా ఖాళీగా తిరిగి రావడం మొదలైంది.

ఆడి నెల ముగిసింది. సెలైనుతో తిరిగొచ్చిన బరువు కూడా కలుపుకుని అమ్మ ఎనభై రెండు కిలోలుంది. మొదట్లో ఉన్నదానికన్నా రెండే తక్కువ. కల్యాణ మండపం పని మొదలైన రోజు మేస్త్రి అమ్మను కింది నుంచి పై వరకు చూశాడు. "మొన్న తగ్గినావే, మళ్ళా ఎక్కినావా?" అన్నాడు. జల్లెడ చూపించాడు. ఆ వారం రెండు రోజులే పని దొరికింది.

మిగిలిన రోజుల్లో ఒకనాడు కమలవేణమ్మ మా గడప దగ్గరికి వచ్చింది. మొహం ఉబ్బినట్టుంది. జాకెట్టు చేతులు మళ్ళీ బిగుసుకుపోయాయి. మాత్రలు ఆపి నెల అయిందట, పోయిందంతా వచ్చి, పైన ఇంకో రెండు కిలోలు కూడా వచ్చిందట. ఆసుపత్రి సంగతి విని భయపడే ఆపానంది. అమ్మ చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పోబోతూ చేతిసంచిలోంచి ఇంకో డబ్బా తీసింది. ఈసారి ఎర్ర మూత.

"ఇది వేరే తాయీ. దీనిమీద పేరు, ఊరు అంతా ఉంది. ఇద్దరం కలిసి వేసుకుందామా అని."

అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. మూత తియ్యలేదు, నాకు చదవమని ఇవ్వలేదు. అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయింది. నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను. మండపంలో మూడో అంతస్తు అమ్మ తలలో ఉందని నాకు తెలుస్తోంది. ఇది వద్దంటే వారానికి రెండు రోజుల పనే. నేను ఏమన్నా అంటే వింటుందో వినదో తెలీదు. అయినా అన్నాను, "అమా, డాక్టరమ్మను అడిగి."

"అడిగితే ఏమంటుందో తెలుసులే," అని అమ్మ డబ్బా వెనక్కి ఇచ్చింది. "నాకు ఓపిక లేదు కమలవేణమ్మా. ఇది వేసుకుని దిగేదానికీ ఓపిక లేదు, మళ్ళా ఎక్కేదానికీ లేదు. తింటా ఉండేది తింటాను. నువ్వు కూడా ఆ నర్సు దగ్గరికి ఒకసారి పో."

కమలవేణమ్మ పోయాక అమ్మే లేచి రాత్రికి బియ్యం కొలిచింది, కాలుపడి.

పురట్టాసి నెల సగమై అక్టోబరు వచ్చేసరికి అమ్మ డెబ్బై తొమ్మిదిన్నరకు వచ్చింది. పచ్చ మాత్రలతో రెండున్నర వారాల్లో చేరిన చోటికే రెండున్నర నెలలకు చేరింది. ఈసారి పెదవులు పగల్లేదు. గుండె మీద చెయ్యి పెట్టి చూశాను, మామూలుగా కొట్టుకుంటోంది. మోకాళ్ళు నొప్పి పుడుతూనే ఉన్నాయి, కానీ కూర్చుంటే ఒక్క చేత్తోనే లేస్తోంది.

మొన్న బుధవారం వరసలో ఒకామెకు జ్వరమొచ్చి రాలేదు. మేస్త్రి అటూ ఇటూ చూసి అమ్మను ఎక్కమన్నాడట. సాయంత్రం అమ్మ వచ్చి గోడకు ఆనుకుని కాళ్ళు చాపి కూర్చుంది. సిమెంటు చేతులు కూడా కడుక్కోలేదు.

"ఎంతవరకు ఎక్కినావు?"

"ఇటుకలతో రెండో అంతస్తు. అంతస్తుకు ఒకసారి ఆగినాను. నేనాగితే గోవిందమ్మాళ్ కూడా కావాలనే ఆగింది, తనకే కాళ్ళు నొప్పి అని. మేస్త్రి ఆమెను తిట్టినాడు, నన్ను తిట్టలేదు."

"రేపు?"

"రేపు కూడా రమ్మన్నాడు. ఆ జ్వరం తగ్గేవరకు."

"మరి మూడో అంతస్తు?"

"అది ఆడనే ఉంటుంది, యాడికి పోతుంది," అంది అమ్మ. మోకాళ్ళ మీది చీర కొంచెం పైకి జరుపుకుని, నూనె తెమ్మంది.